పెదబాబు గారి చెంప మీది గాటు

రాజమండ్రి,
12-7-1981.

మావయ్యకి,

సత్యకుమారి నమస్కారాలు. నేనిక్కడ కులాసా. నువ్వూ, పాపాయమ్మ అత్తా, అమ్మమ్మా అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ కార్డు అందింది. అందులో పదకొండు తప్పులున్నాయి. "గోదారి" అని మూడు చోట్ల రాశావు. గోదావరి అని రాయాలి. సముద్రంలో బతికేవాడివి, "సముద్రం"లో రావత్తు మింగేశావు. రేపు నేను టీచరునయ్యాక "మీ మావయ్య బోటు సరంగు కదండీ, చదువు రాదాండీ" అని పిల్లలు అడిగితే ఏం చెప్పను? కార్డు దిద్ది తిరిగి పంపుతున్నాను. ఒక్కో మాటా పదేసి సార్లు రాయి.

పోయిన ఆదివారం మా ట్రైనింగ్ స్కూలు వాళ్ళు మమ్మల్ని మల్లెలంక తీసుకెళ్ళారు. ధవళేశ్వరం దాటాక కాలవ గట్టు మీద గంట ప్రయాణం. బస్సు కుదుపులకి సగం మంది తిన్న ఇడ్లీలు దారిలోనే దింపేశారు. ఢిల్లీలో పదేళ్ళు మంత్రిగా చేసి పోయిన పెద్దాయన పుట్టి పెరిగిన ఇల్లు అక్కడే ఉంది. ఆయన పోయాక ఇంటివాళ్ళు దాన్ని ఒక కమిటీకి అప్పజెప్పారు. ఇప్పుడు ఎవరైనా వెళ్ళి చూడవచ్చు.

పాతకాలపు మండువా ఇల్లు. ఆయన ఊగిన ఉయ్యాల, దిద్దిన పలక, జైల్లో వడికిన నూలు అన్నీ వరసగా పెట్టారు. ప్రతి దాని ముందూ "తాకరాదు" అని అట్టముక్క. జోగేశ్వరరావు గారని ఒకాయన బెత్తం పట్టుకుని చూపిస్తాడు. రేపు బెత్తం పట్టాల్సిన మాకే ఆయన బెత్తం చూపించాడు. ఊళ్ళో ఆ మంత్రి గారిని అందరూ పెదబాబు గారు అనేవారట. ఆయన నిలువెత్తు ఫోటో ఒకటుంది. ఎడమ చెంప మీద వేలెడు గాటు. "లాఠీ దెబ్బ గుర్తు" అని కింద రాశారు.

అద్దాల పెట్టెలో ఒక ఉత్తరం ఉంది. నలభై రెండులో జైలు నుంచి ఆయన తన చెల్లెలు చిన్నమ్మాయి గారికి రాసింది. పైపేజీ మాత్రమే కనిపిస్తుంది, రెండో పేజీ దాని కింద ఉంది. నాకెందుకో అది వదిలి రాబుద్ధి కాలేదు. నీకోసం చివరి నాలుగు వాక్యాలు రాసుకొచ్చాను.

"వరదల రోజులొస్తే నాకు మన రేవు గుర్తుకొస్తుంది. ఆ రోజు గోదావరీమాత నన్ను ఒడ్డుకు చేర్చకపోతే ఈ జైలూ లేదు, ఈ ఉత్తరమూ లేదు. ఆ తల్లిని రోజూ తలుచుకుంటాను. నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది."

అంతటితో పేజీ అయిపోయింది. గోడ మీద పాలరాతి పలకలో కూడా "గోదావరీమాత రక్షించిన బిడ్డ" అని చెక్కించారు. అంత పెద్దమనిషి నదికి అంత భక్తిగా మొక్కడం నాకు నచ్చింది.

అమ్మమ్మ పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే అని అమ్మ బతికుండగా ఒకసారి అన్నది. ఆ ఇల్లు చూసిందేమో అడుగు.

నీ మేనకోడలు,
సత్యకుమారి.

---

కాకినాడ,
21-7-1981.

చి. సత్యకుమారికి మావయ్య అమ్మిరాజు ఆశీస్సులు.

ఐదు రోజులు వేటలో ఉండి నిన్ననే ఒడ్డుకొచ్చాను. నీ ఉత్తరం చూశాను. పదేసి సార్లు రాయను. పుట్టిన దగ్గర్నుంచి దాన్ని గోదారి అనే అంటున్నాను. అది నన్ను ఒక్కసారీ తప్పు పట్టలేదు. నువ్వెవరివే పట్టడానికి?

సరదా అక్కడితో సరి. నీ ఉత్తరం అమ్మకి పైకి చదివి వినిపించాను. చదవకపోతే బాగుండేది.

మల్లెలంక అనగానే ఆవిడ చేతిలోని వల పక్కన పెట్టింది. చెంప మీద గాటు దగ్గరికి వచ్చేసరికి "ఏ చెంపరా?" అని అడిగింది. ఎడమ అన్నాను. ఆయన ఉత్తరంలో ముక్కలు కూడా చదివాను. "మనవాళ్ళ మాటేమైనా రాశాడేంట్రా?" అంది. "లేదమ్మా, గోదావరీమాత అన్నాడు" అన్నాను. "అంతేలే" అని లేచి లోపలికి పోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. పాపాయమ్మ బతిమాలితే మజ్జిగ తాగింది.

నీకు తెలియని సంగతి చెబుతాను విను. పెదబాబుని లాగింది ఏ మాతా కాదు, మీ అమ్మమ్మ. అప్పుడు ఆవిడ పుట్టింటివాళ్ళు మల్లెలంక రేవు పక్కనే పాక వేసుకుని ఉండేవారు. ఆ ఇంటికి చేపలిచ్చేవారు. వరదలో ఆ పిల్లాడు రేవు మెట్ల మీంచి జారితే, పదిహేడేళ్ళ పిల్ల ఈవిడ దూకి లాక్కొచ్చింది. ఈ సంగతి మా నాన్న నాకు చెప్పాడు. ఈవిడ నోటి వెంట ఇంతవరకూ రాలేదు. ఎప్పుడడిగినా "ఊరుకోరా" అనేది.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండిపోతోంది. మంత్రి అయ్యాడు, ఢిల్లీ వెళ్ళాడు, పాలరాతి పలకలు చెక్కించుకున్నాడు. ప్రాణం పోసిన మనిషి పేరు మాత్రం గుర్తు లేదు. నీకు నచ్చిందా ఆ భక్తి? నాకు నచ్చలేదు. ఆ కమిటీకి నేనే రాస్తాను.

అమ్మిరాజు.

---

రాజమండ్రి,
28-7-1981.

మావయ్యకి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఇన్నేళ్ళు అమ్మమ్మ పక్కలో పడుకుని కథలు విన్నాను, ఈ ఒక్కటీ చెప్పలేదు. నేను అక్కడ నిలబడి భక్తి అని మెచ్చుకున్నాను చూడు, అది తలుచుకుంటే సిగ్గేస్తోంది.

దయచేసి కమిటీకి నువ్వు రాయకు. నీ కోపం నాకు తెలుసు. నేనే ఇంకోసారి వెళ్ళి మర్యాదగా మాట్లాడతాను. కాకపోతే అలాంటివాళ్ళు ముందు అడిగేది ఆధారం. అమ్మమ్మే లాగిందనడానికి ఏదైనా ఆధారం ఉందా? చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? తాతయ్య పొరబడలేదు కదా? నేను అనుమానించి అడగడం లేదు, వాళ్ళు అడుగుతారని అడుగుతున్నాను.

హాస్టల్లో అన్నం బాగోలేదు. అత్త ఎండు రొయ్యలు పంపిస్తే గదిలో వాళ్ళందరం నీ పేరు చెప్పుకుని తింటాం.

సత్యకుమారి.

---

కాకినాడ,
9-8-1981.

సత్యకి,

ఆధారమా? మీ అమ్మ పోయినప్పుడు ఎనిమిదేళ్ళ నిన్ను భుజాన వేసుకుని బస్టాండు నుంచి ఇంటిదాకా నడిచాను. దానికి నా దగ్గర ఆధారం లేదు. నువ్వే చెప్పాలి. నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను, జవాబు రాయాలనిపించలేదు.

కమిటీకి కార్డు అప్పటికే పడేశాను. "మా అమ్మ అప్పాయమ్మ పేరు ఆ రాతి మీద చెక్కండి, లేకపోతే దాన్ని తీసి గోదారిలో పడేయండి" అని రాశాను. ఇంకో రెండు మాటలు కూడా రాశాను, అవి నీకు చెప్పను.

ఇదంతా ఇలా ఉండగా మొన్న అమ్మే నన్ను పిలిచి కూర్చోబెట్టింది. కార్డు సంగతి పాపాయమ్మ చెప్పేసింది.

"గొడవ చెయ్యకురా. వాళ్ళు పెద్దోళ్ళు. ఆ గాటు లాఠీది కాదు, నాదే."

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పుకుంటూ పోయింది.

"ఒడ్డుకి లాక్కొచ్చి పడేశాను. పిల్లాడు కళ్ళు తెరవడు. నాకు భయమేసింది, ఆ భయంలో కోపమొచ్చింది. చచ్చిపోతావేంట్రా నా చేతుల్లో అని చెంప మీద ఫెడీమని కొట్టాను. కడియం గీసుకుని రక్తం కారింది. అప్పుడు ఏడ్చాడు. ఇంటిదాకా ఎత్తుకెళ్ళి పెరటి గుమ్మంలో కూర్చోబెట్టి వచ్చేశాను. మా అయ్యకి చెబితే నెత్తి కొట్టుకున్నాడు. పెద్దింటి బిడ్డని కొట్టావా, రేపు మనల్ని ఊళ్ళో ఉండనిస్తారా అని, తెల్లారకుండా వల, కుండలూ పడవలో వేసి బయల్దేరదీశాడు. కోరంగి మీదుగా ఇక్కడికొచ్చి పడ్డాం."

సత్యా, అమ్మావాళ్ళు గోదారి వదిలి సముద్రం ఒడ్డుకి ఎందుకొచ్చారో నాకు ఇన్నాళ్ళకి తెలిసింది. అక్కడ చేపలు తగ్గిపోయి వచ్చారని అనుకునేవాణ్ణి.

ఆవిడ బాధ రాతి మీద పేరు లేదని కాదు. "నా మీద కోపంతోనే పోయాడేమోరా. అందుకే గోదారితల్లి పేరు చెప్పాడు గానీ నా మాట ఎత్తలేదు. చిన్న పిల్లోణ్ణి రక్తం వచ్చేలా కొట్టాను." ఇదే మాట పొద్దున్నా సాయంత్రం అంటోంది. డెబ్భై ఏడేళ్ళు నిండాయి. కళ్ళకి మసక కమ్మింది. పోయేలోగా ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలంటోంది.

అరవై ఏళ్ళు ఇది కడుపులో పెట్టుకుని తిరిగింది. నేను సముద్రంలో గాలివానలు చూశాను, ఇది తట్టుకోలేకపోతున్నాను. ఉత్తరంలో రెండో పేజీ ఉందన్నావు. చెప్పని సంగతి ఒకటుందని రాశాడన్నావు. అది చూసి రా. మంచైనా చెడైనా ఉన్నదున్నట్టు రాయి.

ఎండు రొయ్యలు మా బోటులో పనిచేసే పల్లంరాజు చేత పంపుతున్నాను. నా పేరేం చెప్పుకోనక్కర్లేదు.

అమ్మిరాజు.

---

రాజమండ్రి,
30-8-1981.

మావయ్యకి,

ముందు నన్ను క్షమించు. ఆ భుజం నాకు గుర్తుంది. చేపల వాసన వేస్తోందని నేను ముక్కు మూసుకుంటే నువ్వు నవ్వావు, అది కూడా గుర్తుంది.

ఇవాళ మల్లెలంక వెళ్ళొచ్చాను. జోగేశ్వరరావు గారు నా పేరు అడిగి, కాకినాడ అనగానే సొరుగు లాగి నీ కార్డు బయటికి తీశారు. "మీ మావయ్య గారేనాండి ఇది? మమ్మల్ని దొంగలన్నారండి. నాకు పిలక ఉందని కూడా రాశారు, నాకు లేదండి" అన్నారు. నిజంగానే లేదు. నీ తరఫున పదిసార్లు క్షమాపణ చెప్పాను. ఆ తర్వాత ఆయన కొంచెం మెత్తబడ్డారు. "ఇప్పటికి నలుగురొచ్చారండి, మా తాత లాగాడు, మా నాన్న లాగాడు అని. ఎవర్ని నమ్మమంటారు?" అన్నారు.

నేను వాదించలేదు. రెండో పేజీ చూడనివ్వమని మాత్రం అడిగాను. తను వచ్చాక ఆ పెట్టె తెరవలేదని, కమిటీ అధ్యక్షుడు ఒప్పుకోవాలని అన్నారు. అప్పుడు అమ్మమ్మ చెప్పిందంతా చెప్పాను, చెంపదెబ్బతో సహా. ఆయన ఫోటో వైపు చూసి, తాళాల గుత్తి తీసుకొచ్చారు. ఆ కాగితం నా చేతికివ్వలేదు. తనే పట్టుకుని నిలబడ్డారు, నేను రాసుకున్నాను. ఈసారి ఒక్క అక్షరం కూడా మార్చలేదు, చూడు.

"గోదారమ్మంటే నది అనుకునేవు. మన రేవు పక్క పాకలో ఉండేదే, చేపలు తెచ్చేది, ఆ గోదారమ్మ. నన్ను జుట్టు పట్టుకుని ఒడ్డుకీడ్చి, ఊపిరాడక పడుంటే చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బకే నీళ్ళు కక్కుకుని ఏడ్చాను. ఈ గాటు ఆవిడ కడియంది. అమ్మ అడిగితే పడవ అంచు తగిలిందన్నాను. కొట్టిందంటే ఆవిణ్ణి ఏమైనా చేస్తారని భయం. మర్నాడు నాన్నగారు కొత్త చీర పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళితే పాక ఖాళీ. పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. ఎందుకు వెళ్ళిపోయారో ఎవరూ చెప్పలేకపోయారు. నా అబద్ధం వల్లే ఏదైనా జరిగిందేమోనని ఇప్పటికీ అనుకుంటాను. ఇక్కడ జైల్లో అందరూ దీన్ని లాఠీ దెబ్బ అనుకుంటున్నారు. కాదని చెప్పబోయి సిగ్గేసి ఊరుకుంటున్నాను. నీకైనా నిజం తెలియాలి. ఎప్పుడైనా ఆవిడ కనబడితే, పెదబాబు బాగానే ఉన్నాడని చెప్పు."

చదువుతుంటే నాకు కన్నీళ్ళాగలేదు. జోగేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈ పేజీ కమిటీ వాళ్ళు చదవలేదో, చదివి కింద పెట్టారో ఆయనకీ తెలియదట.

కానీ మావయ్యా, ఒక చిక్కు వచ్చి పడింది. దెబ్బ కలిసింది, కడియం కలిసింది, పాక కలిసింది. పేరు కలవలేదు. జోగేశ్వరరావు గారు నీ కార్డు మళ్ళీ చూసి, "మీ అమ్మమ్మ గారు అప్పాయమ్మ కదండీ. ఇక్కడ గోదారమ్మ అనుందండి" అన్నారు. నాకు తెలిసి గోదారమ్మంటే నీ నాయనమ్మ. మన ఇంట్లో ఆవిడ పేరున వెలిగించే దీపపు కుందె మీద ఆ పేరు చూశాను. ఆవిడ కాకినాడ మనిషి, మల్లెలంక ఎరగదు. నాకేమీ పాలుపోవడం లేదు. ఇది అమ్మమ్మకి చదివి వినిపించాలో వద్దో నువ్వే ఆలోచించు. ఇంకెవరి గురించో అయితే ఆవిడ తట్టుకోలేదు.

ఇంకొకటి. పైపేజీలో కూడా ఆయన రాసింది గోదారమ్మ అనే. నేను నీకు రాసి పంపేటప్పుడు, నీ కార్డు దిద్దిన చేత్తోనే, అది పామరుల మాట కదా అని గోదావరీమాత అని మార్చేసి ఉంటాను. మార్చినట్టు కూడా నాకు గుర్తు లేదు.

సత్యకుమారి.

---

కాకినాడ,
8-9-1981.

చి. సత్యకుమారికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు వద్దేమో అన్నావని రెండు రోజులు దాచాను. మూడో రోజు ఆగలేక చదివాను. పాపాయమ్మ పక్కనే కూర్చుంది.

"గోదారమ్మంటే నది అనుకునేవు" అని మొదటి ముక్క చదివానో లేదో, అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏమన్నావు? మళ్ళీ చదువు" అంది. చదివాను. "మళ్ళీ" అంది. నాలుగోసారి చదివేసరికి ఏడుస్తోంది. నేను కంగారుపడ్డాను.

"అది నేనేరా. నా పేరేరా అది."

ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి అత్తగారి పేరూ గోదారమ్మే అట. అత్త పేరు పెట్టి కోడల్ని ఎలా పిలుస్తారు? పెళ్ళిపీటల మీదే మార్చి అప్పాయమ్మ అన్నారట. పుట్టింటివాళ్ళు ఒక్కొక్కళ్ళే పోయారు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నేను ఆవిడ కడుపున పుట్టి యాభై ఏళ్ళు దాటాయి, మా అమ్మ పేరు నాకు తెలియదు. మంత్రికి తెలుసు. ఇరవై ఏళ్ళ తర్వాత జైల్లో కూర్చుని కూడా మర్చిపోలేదు. ఆ పెద్దమనిషిని నేను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. పిలక మాట కూడా.

మిగతాది చదివాను. పడవ అంచు తగిలిందన్నాడని వినగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అంత చిన్నోడు నన్ను కాపాడాడన్నమాట" అంది. చీర పట్టుకుని వచ్చారన్న దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. "ఒక్క రోజు ఆగుంటే" అని, కాసేపటికి మళ్ళీ "ఒక్క రోజురా" అంది.

ఆ రోజు అన్నం తింది. రెండోసారి వడ్డించుకుంది. ఇప్పుడు కొత్త గొడవ. మల్లెలంక తీసుకెళ్ళమంటోంది. నేను వేటకి వెళ్ళాలి, దసరా సెలవుల్లో నువ్వే తీసుకెళ్ళు. పాపాయమ్మ ఆవిణ్ణి రాజమండ్రి బస్సులో తీసుకొస్తుంది.

నీ మీద నాకు కోపం లేదు. కానీ ఇక మీదట నా కార్డులు దిద్దకు.

అమ్మిరాజు.

---

రాజమండ్రి,
14-10-1981.

మావయ్యకి,

అమ్మమ్మా, అత్తా ఇవాళ బస్సెక్కారు. వాళ్ళు నీకు అంతా చెబుతారు గానీ, కాగితం మీద కూడా ఉండాలని రాస్తున్నాను.

మల్లెలంకలో దిగాక అమ్మమ్మ ఆ ఇంటి సింహద్వారం ముందు ఆగకుండా పక్క సందులోకి తిరిగింది. జోగేశ్వరరావు గారు వెనకాల పరిగెత్తుకొచ్చి "ఇటండీ అమ్మా, గుమ్మం ఇటు" అన్నారు. "మాకు ఇటే అలవాటండి" అంది. పెరటి తలుపు ఎప్పటినుంచో తెరవలేదు. ఆయన తాళం తీయడానికి చాలా తంటాలు పడ్డారు. తుప్పుపట్టిన గడియని అత్త రాయితో కొట్టింది. ఆ గుమ్మం దగ్గర అమ్మమ్మ కాస్త కూర్చుంది. పెదబాబుని కూర్చోబెట్టింది అక్కడేనట.

పాలరాతి పలక మీద ఏముందో చదవమంది. చదివాను. నాకు చాలా కోపంగా ఉంది, ఇది మార్పించాలి అన్నాను. "ఉండనీయవే. నేను లాగాను. నా చేతికందే దాకా మోసుకొచ్చింది ఆ తల్లే కదా" అంది. రెండో పేజీ మాత్రం ఇప్పుడు పైకి వచ్చింది. జోగేశ్వరరావు గారు ఎవరినీ అడక్కుండా తనే మార్చేశారు. అడిగితే చూసుకుంటానంటున్నారు.

తర్వాత ఫోటో దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడకి సరిగ్గా కనబడదు కదా, బాగా దగ్గరికి జరిగి, తడుముకుంటూ చెయ్యి పైకెత్తింది. "తాకరాదు" అన్న అట్టముక్క సరిగ్గా ఆ చేతి కిందే ఉంది. జోగేశ్వరరావు గారు దాన్ని తీసి జేబులో పెట్టుకున్నారు. అమ్మమ్మ అద్దం మీద ఆ చెంపని నిమిరింది. కడియం అద్దానికి తగిలి చప్పుడైతే చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. కడియం మోచేతి వైపు తోసుకుని, మళ్ళీ మెల్లగా నిమిరింది.

"నొప్పెట్టిందా బాబూ?" అంది.

నేనూ, అత్తా ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

మావయ్యా, ఒక్క సంగతి నన్ను వదలడం లేదు. జూలైలో నేను ఆ మాట ఉన్నదున్నట్టు రాసి పంపితే, నువ్వు చదివిన ఆ పూటే అమ్మమ్మకి తెలిసిపోయేది. నా చదువు ఆవిణ్ణి రెండు నెలలు ఏడిపించింది. ఆవిడకి ఈ మాట చెప్పాను. "అరవై ఏళ్ళ మీద రెండు నెలలేంటే" అని నా తల నిమిరింది.

వచ్చేటప్పుడు జోగేశ్వరరావు గారు సందర్శకుల పుస్తకం తెరిచి ముందు పెట్టారు. అమ్మమ్మ వేలిముద్ర వేసింది. పక్కన పేరు రాయడానికి నేను కలం తీసుకున్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"నా పేరు రాయవే. దిద్దకు."

గోదారమ్మ అని రాశాను.

సత్యకుమారి.